డబ్బు సంచికి మొఖం గీసేదెవరు?

నాయకుని బొమ్మ గీయడం మన పత్రికలకు అలవాటైన పని. ముక్కు కొంచెం సాగదీస్తే, బొర్ర కొంచెం పెంచితే, మెడలో కండువా రంగు మారిస్తే పాఠకుడు గుర్తుపడతడు. నవ్వుతడు. పేపర్ మడిచి పక్కన పెడతడు. మరి ఆ నాయకుని కుర్చీ వెనుక నిలబడ్డ మనిషి సంగతేంది? టెండరు కాగితం చేతిలో, చెక్కుబుక్కు జేబులో పెట్టుకొని, ఏ ఎన్నికల్లో ఓడకుండా, ఏ సభలో ప్రమాణం చేయకుండా, ప్రభుత్వాలు మారినా తను మారకుండా నిలబడే ఆ మనిషి మొఖం మన తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు కనబడ్డది? చాలాసార్లు ఆయన ఒక డబ్బు సంచి. సంచి మీద 'అవినీతి' అని ఒక్క మాట. ఆ సంచికి పేరుండదు, ఊరుండదు, కంపెనీ ఉండదు.

ఈ వారం మేము మాట్లాడదలుచుకున్నది ఆ పేరులేని సంచి గురించే. కార్టూన్ అంటే పిల్లలాట కాదు, నవ్వులాట అంతకన్నా కాదు. పేదోనికి చదువు రాకపోయినా అర్థమయ్యే రాజకీయ భాష అది. ఆ భాషలో గుత్త పెట్టుబడి గురించి మాట్లాడుడు బందైతే నష్టం కార్టూనిస్టుకు కాదు. మనకు.

తలుపు మూసిన సభ

1889 జనవరి 23న అమెరికాలో 'పక్' అనే వారపత్రికలో జోసెఫ్ కెప్లర్ ఒక బొమ్మ వేసిండు. కెప్లర్ వియన్నా నుంచి పొట్ట చేతపట్టుకొని వలసపోయిన మనిషి. ఆ బొమ్మలో అమెరికా సెనేట్ సభ కనబడతది. సభ్యులు బడిపిల్లలంత చిన్నగ తమ బల్లల దగ్గర కూసుంటరు. వాళ్ల వెనుక గోడ పొడుగునా కొండలంత మనుషులు నిలబడి ఉంటరు. వాళ్ల పొట్టలే డబ్బు సంచులు. ఒక్కో సంచి మీద ఒక్కో ట్రస్టు పేరు: ఉక్కు, రాగి, చక్కెర, బొగ్గు, స్టాండర్డ్ ఆయిల్. గుత్తేదారులు వచ్చే తలుపు బార్లా తెరిచి ఉంటది. మీద మూలకు, గ్యాలరీలో, ప్రజలు వచ్చే తలుపుకు అడ్డంగ పలకలు కొట్టి ఉంటది.

చూడాల్సింది ఏందంటే, కెప్లర్ 'అవినీతి' అని రాసి చేతులు దులుపుకోలేదు. స్టాండర్డ్ ఆయిల్ అని పేరు పెట్టి రాసిండు. ఆయన కొడుకు ఉడో కెప్లర్ 1904 సెప్టెంబర్‌ల అదే పత్రికలో స్టాండర్డ్ ఆయిల్‌ను అష్టపాదిగ గీసిండు. నూనె ట్యాంకు దాని తల. చేతులు కొన్ని ఉక్కును, రాగిని, ఓడలను చుట్టుకొని ఉంటయ్. ఒకటి రాష్ట్ర శాసనసభను, ఒకటి వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనాన్ని పట్టుకొని ఉంటది. ఇంకొకటి అధ్యక్షుని భవనం దిక్కు చాపి ఉంటది. బొమ్మకు పెట్టిన పేరు ఒకే మాట: తర్వాత ఎవరు అని.

ఈ బొమ్మలతోనే ప్రపంచం మారిపోయిందని మేము చెప్పం. ట్రస్టుల మీద షెర్మన్ చట్టం 1890లో వచ్చింది. కానీ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 ముక్కలు చేయమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1911 అయింది. మధ్యలో ఐడా టార్బెల్ అనే విలేకరి 1902 నుంచి 1904 దాకా మెక్లూర్స్ పత్రికలో ఆ కంపెనీ చరిత్రను కాగితాలతో సహా బయటపెట్టింది. సెనేటర్లను జనమే నేరుగ ఎన్నుకునే సవరణ 1913లో వచ్చింది. కంపెనీ ముక్కలైనంక వాటాల ధరలు పెరిగి రాక్‌ఫెల్లర్ ఇంకింత ధనవంతుడైండు. అంటే బొమ్మ ఒక్కటే సరిపోలేదు, వార్త ఒక్కటే సరిపోలేదు, చట్టమొక్కటి కూడా సరిపోలేదు. కానీ దొంగ ఎవరో జనం మనసులో ముద్రపడింది ముందుగాల బొమ్మతోనే. 'స్టాండర్డ్ ఆయిల్' అంటే అష్టపాది అని ఒకసారి కండ్లకు కట్టినంక ఏ ప్రకటనతో దాన్ని తుడిచేస్తరు?

అంతకు ముందు న్యూయార్క్‌లో ఇంకో ముచ్చట నడిచింది. బాస్ ట్వీడ్ అనే నాయకుడు, ఆయన ముఠా నగర ఖజానాను మింగుతుంటే 1871లో హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ వారం వారం బొమ్మలు వేసిండు. తన ఓటర్లకు చదువు రాదు గనుక పేపర్ల రాతలతో తనకు భయం లేదని, బొమ్మలు మాత్రం వాళ్లు చూస్తరని ట్వీడ్ మొత్తుకున్నట్టు చెప్తరు. ఆ ముఠా చేసిన పని ఇంకా తెలివైంది. హార్పర్ సంస్థ బడిపుస్తకాలను నగర పాఠశాలల్లో కొనకుండా చేసింది. ప్రకటన ఆపుడు, ఆర్డరు ఆపుడు అనే ఆయుధం ఈనాటిది కాదు. చివరికి జైలు నుంచి పారిపోయిన ట్వీడ్‌ను 1876లో స్పెయిన్‌లో పట్టుకున్నప్పుడు గుర్తుపట్టడానికి పనికొచ్చింది కూడా నాస్ట్ బొమ్మే.

హైదరాబాద్ కథ అంతకన్న తక్కువదేం కాదు

ఇదంతా దూరపు దేశపు సంగతి, మనకేంది అనుకునేటోళ్లుంటరు. అదే కాలంలో మన హైదరాబాద్ రాజ్యంలో ఏం జరిగిందో చూడుండ్రి.

1883లో నిజాం రాజ్యంలో రైలు మార్గం చాందా దిక్కు, బెజవాడ దిక్కు పొడిగించే పని లండన్ పెట్టుబడిదారుల చేతిలో పెట్టిన్రు. పెట్టిన సొమ్ముకు ఏటా నూటికి 5 వంతున 20 ఏండ్లు నిజాం సర్కారు గ్యారంటీ. లాభమొస్తే వాళ్లది, నష్టమొస్తే మన రైతు కట్టిన పన్నుది. ఆ ఒప్పందం కాగితాలు జనానికి చూపించాలని, చర్చ జరగాలని హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నోళ్లు కమిటీగ కూడిన్రు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ అందులో ముఖ్యులు. కాగితాలు చూపించమన్న నేరానికి అఘోరనాథను కొలువు నుంచి తీసి అదే ఏడు రాజ్యం నుంచే వెళ్లగొట్టిన్రు. ఉద్యోగులారా, ఇది మీరు గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట. ఈ గడ్డ మీద కంపెనీ ఒప్పందాన్ని ప్రశ్నించి వేటుపడ్డ తొలి ఉద్యోగుల్లో ఆయన ఒకడు. పేపర్ నడిపేటోడు కాదు, జమీందారు కాదు. చదువు చెప్పే పంతులు.

మూడేండ్లు తిరగకముందే 1886లో గనుల కథ మొదలైంది. రాజ్యంలోని ఖనిజాల హక్కులు వాట్సన్, స్టువర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషోళ్లకు రాసిచ్చిన్రు. లండన్‌లో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. వాటాల్లో అత్యధిక భాగం పైసా కట్టకుండనే రాయితీదారుల చేతికిపోయినయ్. ఆ బేరంలో సర్కారు తరఫున కూసున్న పెద్ద అధికారి అబ్దుల్ హక్, బిరుదు సర్దార్ దిలేర్ జంగ్. సర్కారుకు కంపెనీ వాటాలు కొనిపెట్టే పని కూడా ఆయనదే. తన చేతిలోని వాటాలనే ముఖవిలువ కంటె ఎక్కువ ధరకు సర్కారుకు అంటగట్టినట్టు తేలింది. కొన్నది ఆయనే, అమ్మింది ఆయనే. 1888లో బ్రిటిష్ పార్లమెంట్ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. ఆయన పదవి ఊడింది. కంపెనీ మాత్రం ఉన్నది. ఆ కంపెనీ తవ్విన బొగ్గు గనులే 1920లో సింగరేణి కాలరీస్‌గ మారినయ్.

కెప్లర్ సెనేట్ బొమ్మ 1889ది. అబ్దుల్ హక్ కుంభకోణం 1888ది. రెండింటి మధ్య ఒక్క ఏడు తేడా. అక్కడ గుత్త పెట్టుబడిని గీసిన బొమ్మ నేటికీ అమెరికా బడిపుస్తకాల్లో ఉన్నది. ఇక్కడ ఒక చేత్తో అమ్మి ఇంకో చేత్తో కొన్న అధికారి బొమ్మ మన పిల్లలకెవరికన్న తెలుసునా? ఆ కథ మన పాఠాల్లోనే లేదు, బొమ్మ ఎక్కడి నుంచి వస్తది? మర్చిపోబడ్డ దోపిడీ మళ్లీ కొత్త పేరుతో వస్తది. అప్పుడు 'గ్యారంటీ' అన్నరు. తర్వాత 'బీవోటీ' అన్నరు, 'పీపీపీ' అన్నరు. మాట మారింది, లెక్క మారలేదు.

తిరగేసి చదివిన కంపెనీ

ఉమ్మడి రాష్ట్రంలో ఇంకో కథ నడిచింది. 2008లో హైదరాబాద్ మెట్రో రైలు పనిని మేటాస్ ఇన్‌ఫ్రా బృందానికి కట్టబెట్టిన్రు. సర్కారు రూపాయి ఇయ్యాల్సిన పనిలేదు, కంపెనే సర్కారుకు 30 వేల కోట్లకు పైగ ఎదురిస్తదని డప్పు కొట్టిన్రు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ ఆ ఏడు సెప్టెంబర్‌లనే ప్లానింగ్ కమిషన్‌కు లేఖ రాసి హెచ్చరించిండు. విలువైన భూములు ఇట్ల కంపెనీ చేతిలో పెడితే రేపు పెద్ద రాజకీయ కుంభకోణమైతదని ఆయన మాట. ఆయనకు దక్కిందేంది? క్షమాపణ చెప్పాలనే గద్దింపు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని తనే ఒప్పుకుంటూ లేఖ విడుదల చేసిండు. ఆ జూలైల మెట్రో ఒప్పందం రద్దయింది.

మేటాస్ అనే పేరును ఇంగ్లీషులో వెనుక నుంచి చదివితే సత్యం. ఇంతకంటె తయారుగ ఉన్న కార్టూన్ ఏ దేశంలోనన్న దొరుకుతదా? సత్యాన్ని తిరగేస్తే వచ్చిన కంపెనీకి రాజధాని రైలును రాసిచ్చిన్రు. కానీ ఆ ఒప్పందం కుదిరిన రోజున ఎన్ని పత్రికలు ఆ బొమ్మ వేసే ధైర్యం చేసినయ్? కంపెనీ కూలినంక కార్టూన్లు కుప్పలు తెప్పలు. పడ్డోని మీద రాయి వేయనీకె ధైర్యమెందుకు?

ఉద్యమ కాలంలో ఈ గడ్డ బిడ్డలు ఆ పని వేరే తీరుగ చేసిన్రు. 2009 అక్టోబర్ 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన జరిగినప్పుడు, నవంబర్ 29న రంగధాంపల్లి దీక్షాస్థలికి బయలుదేరిన నాయకుణ్ని అలుగునూరు దగ్గర అరెస్టు చేసినప్పుడు ఏ పెద్ద పేపర్ ఏ బొమ్మ వేస్తదో అని మనం ఎదురుచూడలేదు. కరపత్రం మీద, కాలేజీ గోడ మీద, ఫ్లెక్సీ మీద ఎవరికి చేతనైన బొమ్మ వాళ్లు వేసిన్రు. నీళ్లు ఎటు పోతున్నయో, కొలువులు ఎవరికి పోతున్నయో, భూములు ఎవరి పేరు మీదికి మారుతున్నయో గీసి చూపిన్రు. పెద్ద పత్రికల్లో కూడా మన మట్టి చేతులు కొన్ని పనిచేసినయ్. సూర్యాపేట బిడ్డ శేఖర్ ఆంధ్రజ్యోతిలో గీసిన గీతకు పదునెక్కువ. 'క్యాస్ట్ క్యాన్సర్' పేరుతో కులం మీద ఆయన బొమ్మల పుస్తకమే తెచ్చిండు. 2014 మే 19న, రాష్ట్రం అధికారికంగ పుట్టేందుకు రెండు వారాల ముందు, ఆయన కన్నుమూసిండు. ఆ గీత ఇంకొక పదేండ్లు బతికుంటే ఈ రాష్ట్రంలో ఏమేం గీసేదో అని మేము ఇప్పటికీ అనుకుంటం.

మన రాష్ట్రం, మన సంచి

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బయటి పెట్టుబడి మీద బొమ్మలు గీసుడు సులువుగుండె. మన అనుకున్న ప్రభుత్వం పక్కన నిలబడ్డ పెట్టుబడిని గీసుడు కష్టమైంది. అసలు పరీక్ష అక్కడే మొదలైంది.

లెక్కలు చూద్దాం. 2017 బడ్జెట్‌తో ఎన్నికల బాండ్ల పథకం పుట్టింది. కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభంలో 7.5 శాతం కంటె ఎక్కువ పార్టీలకు ఇయ్యొద్దనే పాత హద్దును తీసిపారేసిన్రు. ఎవరికిచ్చిన్రో చెప్పే పనిలేదన్నరు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగ ఆ పథకాన్ని కొట్టేసింది. ఆ మార్చిలో పేర్లు బయటికొచ్చినయ్. దేశంలో అందరికంటె ఎక్కువ బాండ్లు కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అందులో బీజేపీకి 584 కోట్లు, బీఆర్ఎస్‌కు 195 కోట్లు. మిగిలింది డీఎంకే, వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం, కాంగ్రెస్ లాంటి పార్టీలకు. ఏ జెండా కింద ఉన్నోళ్లయినా ఆ వరసలో తమ పేరు వెతుక్కోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి బీఆర్ఎస్ సొమ్ము చేసుకున్న బాండ్లు 1,214 కోట్ల పైన. దేశంలో నాలుగో స్థానం. లోక్‌సభలో పదిమంది కూడ దాటని ఒక ప్రాంతీయ పార్టీకి నాలుగో స్థానం!

అదే కంపెనీ కాళేశ్వరం ఎత్తిపోతల్లో ప్రధానమైన పంపుహౌజులు కట్టింది. బాండు ఇచ్చినందుకే పని దొరికిందని మేము రాయడం లేదు. ఆ మాట తేల్చాల్సింది విచారణ. మేము రాసేది ఇంతే: ఒకే కంపెనీ పేరు రెండు కాగితాల మీద కనబడ్డది, ఒకటి పని ఇచ్చిన కాగితం, ఇంకొకటి పార్టీకి పైసలిచ్చిన కాగితం. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూపే పని కార్టూన్‌ది. ఏ వ్యాఖ్య అక్కర్లేదు. ఒక గీత చాలు.

2024 ఫిబ్రవరిలనే కాళేశ్వరం మీద కాగ్ నివేదిక అసెంబ్లీ ముందుకొచ్చింది. 81,911 కోట్లని మొదట చూపిన ప్రాజెక్టు ఖర్చు 1,47,427 కోట్లు దాటేటట్టున్నదని చెప్పింది. పెట్టే ప్రతి రూపాయికి వచ్చే లాభం 52 పైసలని లెక్క కట్టింది. దానికి నాలుగు నెలల ముందు, 2023 అక్టోబర్ 21న, మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు కుంగినయ్. ఆ బరాజ్ కట్టింది దేశంలోనే పేరున్న ఎల్ అండ్ టీ.

సిద్దిపేటోళ్లకు ఈ లెక్క ఊరి లెక్క. రంగనాయకసాగర్‌కు 2020లో నీళ్లొచ్చినయ్. మల్లన్నసాగర్ 50 టీఎంసీల కుండ అయింది, 2022 ఫిబ్రవరిలో ప్రారంభం చేసిన్రు. నీళ్లు వచ్చిన తాన పంట పండింది, చెరువు నిండింది. దాన్ని ఎవరూ కాదనరు, కాదనొద్దు కూడా. కానీ ఆ కుండ కింద వేములఘాట్ ఉన్నది, ఏటిగడ్డ కిష్టాపూర్ ఉన్నది, పల్లెపహాడ్ ఉన్నది. 2016 జూన్ నుంచి వేములఘాట్ జనం నెలల తరబడి రిలే దీక్షల్లో కూసున్నరు. జూలై 24న రోడ్డెక్కిన ముంపు ఊళ్ల జనం మీద లాఠీలు విరిగినయ్. నీళ్లకు విలువ కట్టేటప్పుడు ముంపుకు కూడ విలువ కట్టాలన్నదే వాళ్ల మాట. నీళ్లు పారినప్పుడు నాయకుని కటౌట్‌కు పాలు పోసిన బొమ్మలొచ్చినయ్. ఊరు మునిగినప్పుడు బొమ్మలెన్ని వచ్చినయ్? బిల్లులెత్తుకున్న కంపెనీ బొమ్మ ఒక్కటన్న వచ్చిందా? పిల్లర్ కుంగితే కూడ నాయకుని బొమ్మే. కట్టినోని బొమ్మ ఎక్కడ?

ఇది ఒక పార్టీ సంగతి కాదు. ప్రభుత్వం మారింది. బిల్లులు రావాల్సినోళ్ల పేర్లు మారినయా? బాండ్లు పోయినయ్, ఎన్నికల ట్రస్టులు ఉన్నయ్. పైసలు ట్రస్టులో పోస్తరు, ట్రస్టు పార్టీకిస్తది. ఏ దాత రూపాయి ఏ పార్టీకి చేరిందో నడుమ మడుగులో కలిసిపోతది. మడుగును కూడ గీయొచ్చు. గీసేటోడు కావాలె.

గీత ఎందుకు వంగుతది?

ఎందుకు గీయరు? కార్టూనిస్టులకు తెలివి లేకనా? కాదు. మన తెలుగు నేల మీద ఆ కళకు కొదువ లేదు. మోహన్ గీత ఒక తరానికి బడి. పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా బొమ్మకు 2014లో పోర్చుగల్‌ల వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది. ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి' పేరుతో నాలుగు దశాబ్దాలు గీసి 2021లో బయటికొచ్చిండు. చేయి ఉన్నది. చేతికి జాగ ఇచ్చేటోడు ఎవరన్నది ప్రశ్న.

ఆ జాగ యజమానిది. యజమానికి ప్రకటన కావాలె. ప్రకటన కంపెనీది, లేకుంటే సర్కారుది. కొన్నిసార్లు యజమాని, కంపెనీ ఒకటే. 2022 డిసెంబర్‌లో ఎన్డీటీవీ అదానీ చేతికి వచ్చినప్పుడు దేశమంతా దాని గురించి మాట్లాడింది. చిన్న ఊళ్లల్లో, చిన్న పేపర్లల్లో ఇట్లాంటివి జరిగినా చప్పుడు కాదు.

ఇది మన దగ్గరి రోగమే కాదు. అమెరికాలో వాషింగ్టన్ పోస్ట్ యజమాని అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్. 2025 జనవరిలో ఆ పత్రిక కార్టూనిస్టు ఆన్ టెల్నేస్ ఒక బొమ్మ గీసింది. కోటీశ్వరులు డబ్బు సంచులు పట్టుకొని ట్రంప్ విగ్రహం ముందు మోకరిల్లిన బొమ్మ. అందులో బెజోస్ కూడ ఉన్నడు. పత్రిక ఆ బొమ్మ వేయలేదు. అదే అంశం మీద వ్యాసం వచ్చింది, ఇంకొకటి రాబోతున్నది, అందుకే ఆపినమని సంపాదకుడు అన్నడు. ఆమె రాజీనామా ఇచ్చి బయటికొచ్చింది, చిత్తుబొమ్మను తనే లోకం ముందు పెట్టింది. ఆ మే నెలలో ఆమెకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆలోచించుండ్రి. 1889లో కెప్లర్ సంచులకు మొఖాలు గీస్తే 'పక్' అచ్చేసింది, ఎందుకంటే పత్రిక ఆ సంచులది కాదు, అందులో కెప్లర్‌కూ వాటా ఉన్నది. 2025లో సంచే పత్రిక యజమాని.

ఇంకో దిక్కు లాఠీ. 2012లో అసీం త్రివేది మీద కార్టూన్లకే రాజద్రోహం కేసు పెట్టి జైలుకు పంపిన్రు. 2025 ఫిబ్రవరిలో తమిళ 'వికటన్' వెబ్‌సైట్‌నే మూసేయించిన్రు. ప్రధాని బేడీలతో ట్రంప్ పక్కన కూసున్నట్టు గీసిన బొమ్మ దానికి కారణం. మద్రాస్ హైకోర్టు చెప్తేగాని అది తెరుచుకోలేదు, అది కూడ ఆ బొమ్మ తీసినంకనే. పాలకులకు భయం పుట్టినప్పుడల్లా ఇదే వరస. 1903లో అమెరికాలోని పెన్సిల్వేనియా గవర్నర్ తనను చిలుకగ గీసిన్రని కార్టూన్ల మీద చట్టమే తెచ్చిండు. మనుషులను జంతువులుగ, పక్షులుగ గీయొద్దని ముసాయిదాలో రాస్తే, వాల్ట్ మెక్‌డూగల్ అనే కార్టూనిస్టు నాయకులను ఆలుగడ్డగ, చెట్టుగ, సారా ముంతగ గీసి పెట్టిండు. ఆ చట్టం 1907లో రద్దయింది.

ఒక మాట కుండబద్దలు కొట్టాలె. కార్టూన్ పుట్టుకతోనే పేదోని పక్షం కాదు. 1783లో ఈస్టిండియా కంపెనీ పెత్తనాన్ని పార్లమెంట్ అదుపులోకి తేవాలని చార్లెస్ ఫాక్స్ బిల్లు పెట్టిండు. జేమ్స్ సేయర్స్ అనే కార్టూనిస్టు ఫాక్స్‌ను ఏనుగెక్కిన మొఘల్ బాద్షాగ గీసి, కంపెనీ ఆస్తి గుంజుకునే నియంతగ చూపిండు. లండన్ అంతా ఆ బొమ్మే. బిల్లు ప్రభువుల సభలో ఓడింది. తనను పార్లమెంట్ ఉపన్యాసాల కన్న సేయర్స్ బొమ్మలే ఎక్కువ దెబ్బతీసినయని ఫాక్స్ వాపోయిండని చెప్తరు. సేయర్స్‌కు తర్వాతి ప్రభుత్వం కొలువిచ్చి ఋణం తీర్చుకున్నది. అప్పటికే ఉత్తర సర్కారుల రైతుల వీపు మీద స్వారీ చేస్తున్న గుత్త కంపెనీని కాపాడింది కూడ ఒక కార్టూనే! అందుకే ఏ బొమ్మ చూసినా ముందుగాల అడగాల్సింది, ఇది ఎవరిని నవ్వించిందని కాదు. ఎవరిని వదిలేసిందని.

పటం మనది

బొమ్మ పెట్టి కథ చెప్పుడు మనకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. మన సిద్దిపేట జిల్లా చేర్యాలల నకాశీ కళాకారులు గీసిన పటాలు చూడుండ్రి. ఎర్రటి నేల మీద గడి తర్వాత గడి, వరస తప్పకుండ కథ నడుస్తది. కాకిపడిగెలోళ్లు, కూనపులోళ్లు, డక్కలోళ్లు, మందహెచ్చులోళ్లు ఆ పటం పరిచి ఊరూర కథ చెప్పిన్రు. చదువు రాని జనానికి వాళ్ల కులపురాణాన్ని, వాళ్ల పుట్టుకను, వాళ్ల గౌరవాన్ని ఆ బొమ్మలు నిలబెట్టినయ్. సిద్దిపేట గడ్డ మీదనే కాపు రాజయ్య బోనాన్ని, బతుకమ్మను, వడ్డెర తల్లిని చిత్రాలకెక్కించి, 1963లో లలితకళా సమితి పెట్టి పిల్లలకు కుంచె పట్టించిండు. దొర గడీలో వేలాడే బొమ్మ కాదు ఇది, జనం బొమ్మ.

ఆ పటం కథలో ఒక సూత్రం ఉన్నది. పటం గీయించేది, కథకునికి గింజలు పెట్టేది ఆ కులం జనమే. అందుకే కథ వాళ్లది. ఎవలు గింజలు పెడితే వాళ్ల కథే నడుస్తది. ఇదే పత్రికకు కూడ వర్తిస్తది. ఫుల్ పేజీ ప్రకటన గింజలు తిని కంపెనీ కథ చెప్పకుండ ఉండుడు ఎవరి వశం కాదు. పాఠకుడు గింజలు పెట్టిన పత్రికే పాఠకుని కథ చెప్తది. చందా కట్టుడు దానం కాదు, కథ మనదని రాయించుకునుడు.

మరి చేయాల్సిందేంది? విద్యార్థులారా, మీ కాలేజీల్లో గోడపత్రిక మళ్లా మొదలుపెట్టుండ్రి. కులం మీద, మతం మీద, ఆడబిడ్డల మీద చౌకబారు బొమ్మ వేయొద్దు. దోపిడీ మీద వేయుండ్రి. ప్రతి పెద్ద పని గురించి నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. ఆ పని ఎవరికి దక్కింది? అంచనా ఎన్నిసార్లు పెరిగింది? ఆ కంపెనీ ఏ పార్టీలకు ఎంత ఇచ్చింది? ఆ వార్త రాయని పేపర్‌కు ఆ కంపెనీతో సంబంధమేంది? సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిల ఉన్నది, ఎన్నికల సంఘం పెట్టిన బాండ్ల జాబితా అందరికీ కనబడేటట్టు ఉన్నది. జవాబు దొరికినంకనే గీత గీయుండ్రి. దొరకని దాన్ని ఊహించి గీస్తే ఎదుటోనికే బలం. ఉద్యోగులారా, ఫైలు మీ బల్ల మీది నుంచే పోతది. ఏ అంచనా ఎక్కడ ఉబ్బిందో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలువది. 1883లో ఒక పంతులు కాగితాలు చూపించమన్నడు. ఇప్పుడు కాగితం చూపించే చట్టం ఉన్నది. దాన్ని నడిపించే మనిషి కావాలె.

ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. అందులో నిధులనే మాటకు రెండు అర్థాలున్నయని ఇప్పుడు తెలుస్తున్నది. ఒకటి ప్రజల నిధి, రెండోది పార్టీల నిధి. మొదటిది తరుగుతుంటే రెండోది ఎట్ల పెరుగుతున్నది? ఆ రెండింటి నడుమ నిలబడ్డ మనిషిని గీయుండ్రి. నాయకుడు ఐదేండ్లకోసారి మన ముందుకొచ్చి నిలబడాల్సిందే. సంచి ఎన్నటికీ నిలబడదు. దాన్ని జనం ముందు నిలబెట్టే దారి ఒక్కటే. దానికి మొఖం గీయాలె, పేరు రాయాలె, గోడకు అంటించాలె.